ఎరుపు గడి

ఫిబ్రవరి 6

డెబ్బై ఆరో ఏట మళ్ళీ ఉద్యోగం దొరికింది. జీతం లేదు. జీతం లేని దానికి కూడా ట్రైనింగ్ ఉందట.

ఆఫీసు పేరు విద్యార్థుల డేటా విభాగం. ఊళ్ళో ఉన్న బడులన్నిటి హాజరు, మార్కులు, ఏ పిల్ల ఇల్లు మారింది, ఏ పిల్లాడు కాలేజీకి దరఖాస్తు పెట్టలేదు, అన్నీ వచ్చి ఒక స్క్రీన్ మీద వాలతాయి. మనిషికొక వరస. వరస చివర ఒక గడి. గడికొక రంగు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. పళ్ళ కొట్టువాడు పళ్ళని ఏరినట్టు పిల్లల్ని రంగు చూసి ఏరుతున్నారు.

దీనంతటికీ పెద్ద నా పాత విద్యార్థిని. నా లెక్కల క్లాసులో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్ల. ఇవాళ లెక్కలతోనే ఊరిని ఏలుతోంది. ఆవిడకి రంగులమ్మ అని పేరు పెట్టాను. మా ఆవిడతో అంటే, మీకు ఎవరికీ మంచిపేరు పెట్టడం చేతకాదు కదండీ, అంది.

ఎందుకు చేరానో ఇక్కడైనా నిజం రాసుకోవాలి. సేవాభావం కాదు. ఈ రంగుల తంతు ఎంత బూటకమో లోపల కూర్చుని చూసి పేపర్లో ఏకిపారేద్దామని. నేను బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్ల ముఖం చూసి భవిష్యత్తు చెప్పాను. నన్ను పక్కనపెట్టి హెడ్మాస్టరు కుర్చీలో తన బావమరిదిని కూర్చోబెట్టిన పెద్దమనిషి కూడా ఆ మాట ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి 9

ట్రైనింగ్. నా పక్క కుర్చీలో ఫోన్లు చేసే అమ్మాయి. నోరు మూత పడదు. వసపిట్ట అని రాసుకుంటాను. నన్ను తాతగారూ అంటోంది. సార్ అనమన్నాను. అలాగే తాతగారూ, అంది.

రంగులమ్మ పాఠం చెప్పింది. పిల్లలకి ఫోన్ చేసి ఎలా ఉన్నావు, ఏమైనా ఇబ్బందా అని అడగాలి. ఏం లేదు, బాగానే ఉన్నా అంటారట. దాదాపు అందరూ అదే అంటారట. అక్కడ ఫోన్ పెట్టెయ్యకూడదు. రెండో ప్రశ్న అడగాలి. ఆ రెండో ప్రశ్న ఏమిటో కాగితం మీద ఉండదు. ఆ పిల్ల వరస మొత్తం చదివితే అదే తడుతుందట.

నవ్వు ఆపుకోవడానికి దగ్గాను. వసపిట్ట మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఫిబ్రవరి 14

నాకు మెంటర్ పని ఇచ్చారు. ప్రతి మంగళవారం ఒక బడి లైబ్రరీలో కూర్చోవాలి. చివరి ఏడాది పిల్లలు వస్తారు. వాళ్ళకి కాలేజీ గురించి చెప్పాలి.

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఫ్యాను కింద కూర్చోవడానికే వచ్చారు. ఒక్కతి మాత్రం లావుపాటి చరిత్ర పుస్తకాన్ని వెనకనించి చదువుతోంది. అదేం చదువమ్మా అన్నాను. చివర ఎవరు గెలిచారో తెలిస్తేనే కదా సార్, మొదట్లో ఎవరు అబద్ధం ఆడారో తెలిసేది, అంది.

ఈ మధ్యకాలంలో నేను ఎవరి నోటా ఇంత మంచి వాక్యం వినలేదు. అచ్చులో కూడా చదవలేదు.

ఫిబ్రవరి 21

ఆ పిల్లకి ఎదురుప్రశ్న అని పేరు పెట్టాను. ఏమడిగినా తిరిగి ఇంకోటి అడుగుతుంది. కాలేజీలో ఏం చదువుతావంటే, చరిత్ర చదివితే మీలా కోపం వస్తుందా సార్, అంది. వస్తుందన్నాను. అయితే అదే చదువుతానంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. మొదటిసారి మీరు పెట్టిన పేరు బాగుందండీ, అంది.

మార్చి 5

మంగళవారం కోసం ఎదురు చూస్తున్నాను. ఈ వయసులో ఇది సిగ్గుపడాల్సిన విషయమేమో. పడటం లేదు.

మార్చి 11, సాయంత్రం

పెన్ను కాగితంలో దిగేలా రాస్తున్నాను. కోపంతో.

ఇవాళ స్క్రీన్ మీద మా బడి పిల్లల వరసలు చూపించారు. ఎదురుప్రశ్న పేరు పక్కన గడి ఎరుపు. నిప్పులాంటి ఎరుపు. తరగతికి రాని వెధవాయిల మధ్య, దరఖాస్తు అంటే ఏమిటని అడిగేవాళ్ళ మధ్య, ఆ పిల్ల.

నేను పేపర్లు దిద్దిన మనిషిని. ఎరుపు అంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. ఎరుపు అంటే తప్పు. ఎరుపు అంటే నువ్వు పనికిరావు. కాగితం మీద ఆ గీత చూసి ఏడ్చిన పిల్లల్ని ఎంతమందిని చూశాను.

ఇదెక్కడి న్యాయమని అడిగాను. ఎందుకు ఎరుపు పడిందో తెలియాలంటే గడి మీద నొక్కండి తాతగారూ, అంది వసపిట్ట. నొక్కలేదు. అబద్ధానికి కారణాలు చదవడం నాకలవాటు లేదు.

అయితే ఒక సదుపాయం ఉంది. మెంటర్‌కి నమ్మకం ఉంటే రంగు మార్చవచ్చు. కారణం రాయాలి. మార్చాను. ఆకుపచ్చ చేశాను. కారణం దగ్గర ఇలా టైపు చేశాను: ఈ అమ్మాయిని నేనెరుగుదును. ఇంతకుమించి కారణం అక్కర్లేదు.

మంచి వాక్యం. రెండుసార్లు చదువుకున్నాను.

మార్చి 13

వ్యాసం పంపాను.

మార్చి 23

పడింది. ఆదివారం పేజీలో, రెండు కాలమ్‌లు. ‘రంగులకు అందని పిల్లలు’. ఎడిటరు నా మంచి పేరా ఒకటి కోసేశాడు. వాడి తెలివి నాకు తెలుసు, వాడూ నా విద్యార్థే. ఎదురుప్రశ్న ఊరూ పేరూ చెప్పకుండా ఆమె గురించి రాశాను. యంత్రం ఎరుపన్న పిల్లని ఒక ముసలి మాస్టారి కన్ను ఆకుపచ్చ అన్నదని.

పార్కులో రోజూ ప్రపంచాన్ని చక్కదిద్దే పండితులు లేచి నిలబడి చెయ్యి కలిపారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన వ్యాసం చదవలేదు, ఎవరో చెప్పగా విన్నాడు.

మా ఆవిడ చదివి మడిచి పెట్టింది. మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు, ఈసారి నాలుగో కాలు ఉందేమో చూశారా, అంది. చూడలేదు. చూడక్కర్లేదన్నాను.

మార్చి 24

రంగులమ్మ నా వ్యాసాన్ని ఆఫీసు బోర్డుకి పిన్ను పెట్టి గుచ్చింది. వెక్కిరింపేమో అనుకున్నాను. మీ భాష బాగుంది మాస్టారూ, అంది. పిన్ను సరిచేస్తూ, మాకు కొంచెం బాధగానే ఉంది గానీ, అని కూడా అంది. అక్కడే నేను గెలిచాననుకున్నాను.

మే 19

ఫలితాలు వచ్చాయి. ఎదురుప్రశ్నకి బడి మొత్తంలో రెండో స్థానం. పెద్ద కాలేజీలో చరిత్ర సీటు కేటాయించారు. స్క్రీన్ మీద కళ్ళారా చూశాను. అందరూ వినేలా చదివాను. సంతోషం మాస్టారూ, అంది రంగులమ్మ. ఆ సంతోషం నిజమైనదే. అది నాకు నచ్చలేదు.

తిరిగొస్తూ ఆ పిల్ల కోసం లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి కొన్నాను. మొదటి పేజీలో ఏం రాయాలో రేపు ఆలోచిస్తాను.

మే 27

బడికి సెలవులు. పిల్ల రాలేదు. వచ్చి చెప్పాల్సింది తనే. గురువు ఎదురెళ్ళి పుస్తకం చేతిలో పెట్టడం మర్యాద కాదు. అలమరాలో పెట్టాను.

జూన్ 4

కాలేజీలో చేరడానికి ఈ వారంతో గడువు ఆఖరు. ఆఫీసంతా తేనెటీగల తుట్టె. వసపిట్టకి గొంతు పోయింది, అయినా వాగుతూనే ఉంది. ఎరుపు గడి పిల్లలు ఒక్కొక్కరికి ఫోన్. ఫోన్ తగలకపోతే స్కూటరు వేసుకుని ఇంటికే పోతోంది. ఒకడు మేడ మీద పావురాల దగ్గర దొరికాడట. సీటొచ్చిందిరా నాయనా అంటే, నాకా, అన్నాడట. వాణ్ణి స్కూటరు ఎక్కించుకుని కాలేజీలో దింపి వచ్చింది.

చదువంటే ఇష్టంలేని వాళ్ళని ఇలా బతిమాలి తీసుకెళ్ళడమేమిటి అన్నాను. ఇష్టం లేకపోవడమూ దారి తెలియకపోవడమూ పైకి ఒకేలా ఉంటాయి తాతగారూ, అంది. పుస్తకాలు చదవని పిల్ల. ఎక్కడ విందో.

జూన్ 10

సీటు వచ్చీ చేరనివాళ్ళ పేర్లు వచ్చాయి. ఎదురుప్రశ్న ఉంది.

జూన్ 10, మళ్ళీ

ఆఫీసులో పొరపాటనుకుని మళ్ళీ చూశాను. పొరపాటు కాదు.

గడి మీద నొక్కాను. మొదటిసారి. నా ఆకుపచ్చ కింద పాత ఎరుపు తాలూకు కారణాలు అలాగే ఉన్నాయి. చలికాలం నించి ప్రతి సోమవారం గైర్హాజరు. ఇల్లు మారారు. బడిలో ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. తెలివైన విద్యార్థిని, సమాచారం అందకపోతే సీటు పోయే అవకాశం ఎక్కువ. ఇంటికి వెళ్ళి కలవాలి.

తెలివైన విద్యార్థిని అని యంత్రానికి కూడా తెలుసు. నేను కనిపెట్టిందేమీ లేదు.

దాని కింద నా వాక్యం. ఈ అమ్మాయిని నేనెరుగుదును. నేనెరిగింది మంగళవారాల్ని. సోమవారాల సంగతి నాకేం తెలుసు.

ఎరుపు అంటే తప్పు కాదట. ముందు ఈ పిల్ల దగ్గరికి వెళ్ళండి అని. ట్రైనింగ్ రోజున చెప్పే ఉంటారు. నేను దగ్గుతూ ఉండి ఉంటాను.

జూన్ 13

రివ్యూ మీటింగు. పైనించి డైరెక్టరు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో నా వ్యాసం. అవును, నా వ్యాసమే, కత్తిరించి ఫైలులో పెట్టుకున్నాడు.

చేరనివాళ్ళ వరసలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఎదురుప్రశ్న దగ్గర ఆగాడు. ఇంత మంచి మార్కులున్న పిల్లకి ఎందుకు ఫోన్ చెయ్యలేదని వసపిట్టని నిలబెట్టాడు. ఆ పిల్ల ఆకుపచ్చ సార్, మాకు ఎరుపులే చాలినన్ని ఉన్నాయి సార్, అంది. అంత చిన్న గొంతుతో వసపిట్ట మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

డైరెక్టరు కాగితం ఎత్తి చూపించాడు. మాస్టారు పేపర్లో రాసింది అక్షరసత్యం కాదూ, మీ యంత్రం బంగారంలాంటి పిల్లని వదిలేసింది కదా, అన్నాడు. వచ్చే ఏడాది ఈ విభాగం ఉండాలా వద్దా ఆలోచించాల్సి వస్తుందన్నాడు. నా వైపు తిరిగి తల పంకించాడు.

రంగు ఎందుకు ఆకుపచ్చ అయిందని అడిగాడు. రంగులమ్మ తెర వైపు చూసి, మెంటర్ అభిప్రాయం ప్రకారం మార్చాం సార్, అని తరవాతి వరసకి వెళ్ళిపోయింది. నా వాక్యం చదవలేదు. నా పేరు చెప్పలేదు.

నేను లేవలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలైనా తడుముకుంటాడు. నేను అదీ చెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్నాయన నా భుజం తట్టాడు, నెగ్గారు మాస్టారూ, అని.

జూన్ 14

మా ఆవిడకి చెప్పాను. ఎవరి పరువు కాపాడదామని మార్చారండీ, ఆ పిల్లదా మీదా, అంది.

జూన్ 16

సోమవారం. ఆ పిల్ల క్లాసువాళ్ళని వాకబు చేసి, వెతుక్కుంటూ వెళ్ళాను.

బస్టాండు వెనక ఒక లాండ్రీ. హోటళ్ళ దుప్పట్లూ గలీబులూ ఆదివారం సాయంత్రం మూటలుగా వచ్చి పడతాయట, సోమవారం చీకటి పడేలోపు తిరిగి వెళ్ళాలట. గదినిండా ఆవిరి. తల్లి మడతలు పెడుతోంది. ఎదురుప్రశ్న ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి పెట్టెని నిలబెట్టి, చేతులు తుడుచుకుని, కూర్చోండి సార్, అంది. కూర్చోవడానికి దుప్పట్ల మూట తప్ప ఏమీ లేదు.

ఫోన్ నంబరు తండ్రిదట. ఆయన పని వెతుక్కుంటూ వెళ్ళాడు, ఫోనూ ఆయనతోనే వెళ్ళింది, రెండూ తిరిగి రాలేదు. పిల్ల బడికి వెళ్ళి అడిగిందట. సీటొస్తే ఫోనుకే మెసేజ్ వస్తుందిలే పో, అన్నాడట వాచ్‌మన్. మెసేజ్ రాలేదు కాబట్టి సీటు రాలేదనుకుంది.

తల్లి నాకు దణ్ణం పెట్టింది. మీ గురించి ఇంట్లో ఒకటే చెప్తుంది సార్, మీ పేరు నిలబెట్టలేకపోయింది, ఏమనుకోకండి, అంది. ఆవిడ నన్ను క్షమించమని అడుగుతోంది. నన్ను.

సీటు వచ్చిందన్నాను. పోయిందన్నాను. ఎలా పోయిందో చెప్పాను, తల్లి ముందే. ఆ పిల్ల కోప్పడుతుందనుకున్నాను. దానికే సిద్ధపడి వెళ్ళాను. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. ఎరుపులో ఉన్నవాళ్ళకి మీవాళ్ళు ఫోన్ చేస్తారా సార్, అంది. చేస్తారన్నాను. మరి నన్నెందుకు తీసేశారు, అంది. నువ్వు తెలివైనదానివని, అన్నాను.

తెలివైనవాళ్ళకి ఫోన్ చెయ్యరా సార్, అంది.



పిల్ల మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. గలీబు మీద చిన్న నీళ్ళ చుక్కలు చల్లింది. వచ్చేటప్పుడు నాకు తోడుగా వీధి మలుపు దాకా వచ్చి, అక్కడ గొయ్యి ఉంది చూసుకోండి, అంది.

పుస్తకం తీసుకెళ్ళలేదు. ఏ మొహంతో తీసుకెళ్తాను.

జూన్ 17

కాలేజీ అడ్మిషన్ల కిటికీ. సీటు తరవాతివాళ్ళకి వెళ్ళిపోయిందట. గుమాస్తా మంచివాడు. పొరపాటు డేటా విభాగంలో జరిగిందని వాళ్ళు రాసిస్తే వచ్చే ఏడాదికి ఒక సీటు అట్టిపెట్టే వీలుందన్నాడు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో స్పష్టంగా ఉండాలన్నాడు. స్పష్టంగా అన్న మాట రెండుసార్లు అన్నాడు.

జూన్ 18

రంగులమ్మ గదికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. కూర్చోమంది, కూర్చోలేదు. నా విద్యార్థుల్ని నేనెప్పుడూ కూర్చోమనలేదు.

విని, తెలుసు మాస్టారూ, అంది. ఎవరు రంగు మార్చినా పక్కన పేరు పడుతుందట. మొదటిరోజు నించీ తెలుసు. మీటింగులో కూడా తెలుసు. మరి ఎందుకు చెప్పలేదన్నాను.

మీరే చెప్తారనుకున్నాను మాస్టారూ, అంది.

రంగు మారినప్పుడు నేనూ అడగాల్సింది, మీరు కదా అని వదిలేశాను, అందులో నా తప్పూ ఉంది, అని కూడా అంది. నా తప్పులో వాటా తీసుకుంటోంది. ఆ వాటా ఇవ్వదల్చుకోలేదు. కాలేజీకి ఇచ్చే ఉత్తరంలో నా పేరొక్కటే రాశాను. కారణం దగ్గర పెన్ను ఆగిపోయింది. చివరికి ఇలా రాశాను: ఆ గడి చదవకుండా రంగు మార్చాను.

మంచి వాక్యం కాదు. నిజం.

ఒక కాపీ డైరెక్టరుకి. ఫోన్లు చేసే అమ్మాయి తప్పేమీ లేదని విడిగా రాశాను.

జూన్ 25

పేపరుకి కూడా పంపాను. ఎడిటరు ఫోన్ చేసి, ఇప్పుడెందుకండీ ఇది, అంతా మర్చిపోయారు, అన్నాడు. గొప్పలకి రెండు కాలమ్‌లు ఇచ్చినవాడు తప్పుకి అంగుళం ఇవ్వలేదు. పార్కుకి వెళ్ళి పండితులకి నేనే చెప్పాను. ఎంత వినయమండీ మీది, అన్నాడు కళ్ళు తుడుచుకున్నాయన. ఇక ఆ బెంచీ మీద కూర్చోను.

జులై 9

డేటా విభాగం ఉంటుందట. వచ్చే ఏడాదికి సీటూ ఉంటుందట. ఏడాది. ఆ పిల్ల ఏడాది హోటలు దుప్పట్ల పాలు.

వసపిట్ట నాతో మామూలుగానే వాగుతోంది. అదే భరించలేకపోతున్నాను.

జులై 15

ఎదురుప్రశ్న వరస మళ్ళీ స్క్రీన్ మీదికి వచ్చింది. గడి ఎరుపు. ఈసారి నొక్కి చదివాను. రంగులమ్మ రాసింది: సోమవారాలు లాండ్రీకి ఎవరైనా వెళ్ళాలి, పుస్తకాలు పట్టుకుని. చదువు అలవాటు తప్పకూడదు. వెళ్ళేవారి పేరు అన్నచోట ఖాళీ.

అందరూ చూశారు. నా వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్ళు పడిన కష్టం నాకు కనిపించింది.

ఇంటికి వచ్చేశాను.

ఆగస్టు 2

ఆఫీసుకి వెళ్ళడం లేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పించాను. మా ఆవిడ ఫోనులో ఆ అబద్ధం చెప్పి, ఇటు తిరిగి, ఆ పిల్లకి చెప్పిన నిజం ఒక్కరోజుకేనా, అంది.

అలమరా తలుపు తియ్యడం మానేశాను.

ఆగస్టు 16

ఉదయం ఫోన్. రంగులమ్మ. వాలంటీర్లకి కూడా వరసలుంటాయట. నాది ఏ రంగో నేనడగలేదు. ఇవాళ మొదటి ఫోన్ మీకే మాస్టారూ, అంది.

ఎలా ఉన్నారు, ఏమైనా ఇబ్బందా, అంది.

ఏం లేదమ్మా, బాగానే ఉన్నా, అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.

సోమవారాలు ఖాళీయేనా మాస్టారూ, అంది.